అధిక శ్రావణంలో నాలుగు సోమవారాలు

గిడ్డమ్మకు చదువు వచ్చింది ముప్పై తొమ్మిదో ఏట. అంతకు రెండేళ్ళ ముందు ఆమె మొగుడు గోపన్న కామెర్లతో పోయాడు. గోపన్నకు అక్షరం ముక్క రాదు. అయినా ఏటా ఉగాదికి ముందు ఆదోనికి నడిచిపోయి పంచాంగం కొనుక్కొచ్చేవాడు. దాన్ని కరణం అరుగు మీదికి తీసుకుపోయి, ఏ నెల ఎప్పుడు పుడుతుంది, ఏకాదశి ఏనాడు, అమావాస్య ఏనాడు అని అడిగి తెలుసుకొని ఇంటికొచ్చి పెండ్లానికి చెప్పేవాడు. గిడ్డమ్మ అవన్నీ మనసులో పెట్టుకొని వాడలో ఆడవాళ్ళకు చెప్పేది. వాళ్ళ ఊరు ఎర్రదొడ్డిలో పండగలూ ఒక్కపొద్దులూ అట్లా నడిచేవి.

గోపన్న పోయిన మరుసటేడు పంచాంగం పట్టుకొని ఆమే కరణం ఇంటికి పోయింది. ముండమోసిన మనిషి పొద్దున్నే వాకిట్లో నిలబడిందని ఆ ఇంటి ఆడవాళ్ళు తలుపు దగ్గరికి వేసుకున్నారు. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, రేపు రమ్మని లోపలి నుంచే కేకేశారు. మూడు రోజులు అట్లా తిరిగింది. నాలుగో రోజు కరణం ఇంటికి పోకుండా ఊరి చివర కిరస్తానం వాళ్ళ బడికి పోయింది. ఆ బడిలో పిల్లలకు చదువు చెప్పే జీవమ్మ పుస్తకం అందుకొని పేజీలు తిప్పి చూసింది.

"నేను చదివి చెప్తా గిడ్డక్కా, దానికేముండాది. కానీ వచ్చే నెల మళ్ళా వస్తావు, ఆపై నెల మళ్ళా వస్తావు. నువ్వే నేర్చుకోగూడదా?"

బడి వదిలిన తర్వాత గోడనీడన కూర్చొని నేర్చుకుంది. మొదట్లో జీవమ్మ దగ్గర నుంచి ఇంటికి రాగానే గిడ్డమ్మ తల మీద చెంబెడు నీళ్ళు పోసుకొని గాని లోపలికి అడుగుపెట్టేది కాదు. ఆ సంగతి జీవమ్మకు తెలుసు. తెలిసినా ఒక మాట అనలేదు. దసరా నాటికి గిడ్డమ్మే ఆ నీళ్ళు పోసుకోవడం మానేసింది. సంక్రాంతి దాటేసరికి కూడబలుక్కుంటూ తిథి, వారం, నక్షత్రం చదవగలిగింది. ఆ పక్కేడు ఉగాది నాడు తన ఇంటి ముందు చాప పరిచి, పంచాంగం ఒళ్ళో పెట్టుకొని, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివి వినిపిస్తే వాడంతా నోరు తెరుచుకొని విన్నది.

ఆమె బతుకు అప్పటి నుంచి మారింది. దారిలో ఎదురొస్తే మొహం తిప్పుకొని పోయిన ఆడవాళ్ళే ఇప్పుడు నిలబెట్టి అడిగేవాళ్ళు. "అక్కా, నాగుల పంచమి ఎప్పుడు?" "పెద్దమ్మా, ఏకాదశి ఈ పొద్దా, రేపా?" పొలంలో కలుపు తీస్తూ ఉన్నా, బావి దగ్గర నీళ్ళు చేదుతూ ఉన్నా గిడ్డమ్మ చెప్పిందే మాట. బయటికి చూపించుకునే మనిషి కాదు గాని లోపల మాత్రం ఆమెకు అది అన్నం కంటే ఎక్కువ. ఆ మర్యాద ఒక్క రోజు లేకపోయినా తాను మళ్ళీ కరణం వాకిట్లో ఎండలో నిలబడిన మనిషే అవుతుందని ఆమె భయం.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది, విళంబి నామ సంవత్సరం. ఆషాఢ అమావాస్య బుధవారం వచ్చింది. ఆ తెల్లవారి, గురువారం నాడు, గిడ్డమ్మ బావి దగ్గర చెప్పేసింది: "శ్రావణం పుట్టింది. సోమవారం నుంచి ఒక్కపొద్దులు." పుస్తకం తెరిచి చూడలేదు. ఆషాఢం తర్వాత శ్రావణమే గదా, దానికి పుస్తకమెందుకు అనుకుంది.

ఆ సీమలో శ్రావణమంటే మామూలు నెల కాదు. ఉరుకుంద ఈరన్న స్వామి నెల. సోమవారాలూ గురువారాలూ బండ్లు బారులు తీరి ఉరుకుందకు పోతాయి. నెల పొడుగునా ఇళ్ళలో నీసు వండరు. సోమవారం ఒక్కపొద్దంటే, పొద్దు గూకి స్వామికి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. గిడ్డమ్మ చెప్పిన మాట మీద ఆడవాళ్ళు ఇళ్ళు అలికారు, కుండలు తోమారు. గిడ్డమ్మ ఇంటి పక్కనే ఉండే సుంకులమ్మ, చెల్లెలి ఇంటికని బండి కట్టుకొని వచ్చిన అన్న దేవేంద్రప్పకు కోడి కోయకుండా పప్పన్నం పెట్టింది.

శనివారం సాయంత్రం గిడ్డమ్మ నాగుల పంచమి ఎన్ని ఘడియలుందో చూద్దామని పంచాంగం తీసింది. పేజీ తలకట్టు మీద వేలు పెట్టింది. 'అధిక శ్రావణ శుద్ధ' అని ఉంది. మళ్ళీ చదివింది. పేజీలు తిప్పింది. నెల రోజుల తర్వాతి పేజీ మీద 'నిజ శ్రావణ శుద్ధ' అని ఉంది.

చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే పన్నెండు నెలలు సూర్యుడి ఏడాది కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ తక్కువ పూడటానికి దాదాపు మూడేళ్ళకొకసారి ఒక నెల రెండుసార్లు వస్తుంది. ముందు వచ్చేది అధికం, వెనక వచ్చేది నిజం. పండగలు, జాతరలు, మొక్కులు అన్నీ నిజ మాసంలోనే. గిడ్డమ్మకు ఇది తెలుసు. మూడేళ్ళ కిందట అధిక భాద్రపదం వచ్చినప్పుడు తానే అందరికీ విడమరిచి చెప్పింది. ఈసారి మాత్రం చూడకుండా నోరు జారింది.

పోయిందేమీ లేదు. మూడు రోజులే గడిచాయి. సోమవారం ఇంకా రానే లేదు. పొద్దున్నే బావి దగ్గర, తప్పు చెప్పినానమ్మా, నెల రోజులు ఆగండి అంటే సరిపోయేది. అట్లాగే చెబుదామనుకొని పడుకుంది.

ఆదివారం పొద్దున ఆమె కడవ పట్టుకొని పోయేసరికి బావి దగ్గర పదిమంది ఉన్నారు. దేవేంద్రప్ప ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. ఆడది పంచాంగం చదవడమేమిటని గిడ్డమ్మ చదువు మొదలుపెట్టిన నాటి నుంచి నవ్వుతున్న మనిషి అతను. ఆమెను చూడగానే గొంతు పెంచాడు.

"ఏమమ్మా పంచాంగమమ్మా! మా ఊర్లో పురోహితుడు ఇది అధికమంటాండాడే? జాతర వచ్చే నెలంట. నువ్వేమో నాకు పప్పన్నం పెట్టించితివి!"

ఆడవాళ్ళంతా గిడ్డమ్మ వైపు తిరిగారు. సుంకులమ్మ చేంతాడు పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. చెప్పాలనుకున్న మాట గిడ్డమ్మ నోటి దాకా వచ్చింది. దేవేంద్రప్ప మీసాల కింద నవ్వు చూసింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"అధికమని నాకు తెలీదా ఏమప్పా? పంచమి, జాతర వచ్చే నెలే. సోమవారాలు మాత్రం రెండు నెలలూ చేయాల. అధికంలో చేసిన దానికి రెండింతల పుణ్యం."

ఆ చివరి మాట ఎప్పుడో ఆదోనిలో హరికథలో విన్నదే. చేసినవాళ్ళకు పుణ్యమన్నారు గాని చేసి తీరాలని ఎవరూ అనలేదు.

"రెండు నెలలా? ఎనిమిది సోమవారాలే!" అని సుంకులమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. దేవేంద్రప్ప పకపకా నవ్వాడు. "రెండు నెలలూ పస్తులుండండి, ఇంట్లో గింజలు మిగుల్తాయి!"

ఆ నవ్వుకు గిడ్డమ్మకు ఒళ్ళు మండింది. "నగులాటగా ఉండాదా? ఒక నెల పట్టి ఒక నెల వదిలితే స్వామికి కోపమొస్తాది. ఆయన కండ్లెర్రజేస్తే తట్టుకుంటారా?" అంది.

దేవేంద్రప్ప నవ్వాపి ఎద్దుల్ని తోలుకొని పోయాడు. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. అందరికంటే ముందు వేసుకున్నది ఉరుకుందమ్మ.

ఉరుకుందమ్మకు ఇరవై రెండేళ్ళు. చిన్న ఈరన్న పెండ్లాం. రెండుసార్లు కడుపు నిలవక పోయింది. ఇప్పుడు ఐదో నెల. ఈసారి బిడ్డ దక్కితే ఉరుకుందకు నడిచి వచ్చి తొట్టెల కడతానని మొక్కుకుంది. అక్షరాల మీద ఆ పిల్లకున్న నమ్మకం చూస్తే గిడ్డమ్మకే ముచ్చటేసేది. ఏనాడైనా తిథి అడిగితే, చెప్పింది విని పోకుండా పుస్తకంలో ఆ చోటు చూపించమని, వేలితో తాకి కళ్ళకద్దుకునేది.

మొదటి సోమవారం గడిచింది. వేరుశనగ చేలల్లో కలుపులు ముమ్మరంగా ఉన్న రోజులు. రెండో సోమవారం సాలు చివర ఉరుకుందమ్మ నడుం పట్టుకొని నిలబడి అడిగింది.

"పెద్దమ్మా, కడుపుతో ఉండేవాళ్ళు గూడ అధికంలో చేయాల్నా? మా ఆయప్ప వద్దంటాండాడు."

గిడ్డమ్మ తల ఎత్తలేదు. వద్దులే అంటే ఎందుకు వద్దని అడుగుతుంది. ఎందుకు వద్దో చెప్పాలంటే బావి దగ్గర మాట వెనక్కి తీసుకోవాలి. "నువ్వు మొక్కుకున్నది స్వామికి అమ్మీ, నాకు కాదు గదా. నీ ఇష్టం" అంది.

ఆ మాటతో ఉరుకుందమ్మకు ఇష్టమనేది లేకుండా పోయింది. మళ్ళీ వంగి కలుపు తీయసాగింది.

అధిక శ్రావణం పోయింది, నిజ శ్రావణం వచ్చింది. ఆ ఏడు వానలు అంతంతమాత్రం. మామూలు రోజుల్లోనే ఇళ్ళలో కొర్ర సంగటి పలచబడింది. ఉరుకుందమ్మ మొహం పీక్కుపోయి కళ్ళు పెద్దవయ్యాయి. గిడ్డమ్మ రెండుసార్లు ఆమె ఇంటికి జొన్నరొట్టెలు పంపింది. రొట్టెలు పంపినంత సులువుగా నిజం పంపలేకపోయింది. ఎనిమిదో సోమవారం దీపం పెట్టి, "ఐపాయ పెద్దమ్మా, ఒక్కటి గూడ తప్పలే" అని ఉరుకుందమ్మ నవ్వింది. ఆ నవ్వులో ఏదో తడబాటు గిడ్డమ్మకు కనబడింది గాని అడగలేదు.

ఆ గురువారం ఉరుకుందమ్మకు నొప్పులొచ్చాయి. ఏడో నెల. మంత్రసాని భీమక్క నీళ్ళు కాచడానికి గిడ్డమ్మను పిలిచింది. మగబిడ్డ. రెండు దోసిళ్ళలో పట్టేంత. గుడ్డలో చుట్టి పొయ్యి సెగకు దగ్గరగా గిడ్డమ్మే ఒళ్ళో పెట్టుకుంది. వాడి గుండె ఆమె వేళ్ళ కింద కొట్టుకుంది. మరునాడు మధ్యాహ్నం ఆగిపోయింది.

భీమక్క చేతులు కడుక్కుంటూ, "ముందు రెండూ ఇట్లనే పాయ గదా. ఈ పిల్లది నిలిచే కడుపు కాదు" అంది. గిడ్డమ్మ ఆ మాటను పట్టుకుంది. నడుస్తూ, వండుకుంటూ, చీపురు పట్టుకొని ఊడుస్తూ తనలో తాను చెప్పుకుంది: ముందు రెండూ పోయాయి గదా, అప్పుడు అధికాలు లేవు గదా, అప్పుడు నేనేం చెప్పలేదు గదా. పది రోజులు ఆ మాటతో బతికింది.

పదకొండో రోజు ఉరుకుందమ్మను చూడబోయింది. ఆ పిల్ల గోడకానుకొని కూర్చొని ఉంది. తాగే బిడ్డ లేక పాలు గడ్డకట్టి, రవిక తడిసి ఉంది. పళ్ళెంలో ముట్టుకోని సంగటి ముద్ద ఎండిపోయింది. గిడ్డమ్మ పక్కన కూర్చోగానే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పెద్దమ్మా, నీకొకటి చెప్తా. ఎవరికీ చెప్పాకు. నా బిడ్డను నేనే చంపుకున్నా."

"ఏం మాటలే అవి!"

"మూడో సోమవారం, కలుపులో, కండ్లు తిరిగి కూలబడినా. పక్క సాలులో కిరస్తానం వాళ్ళ సంతోషమ్మ ఉండె. చూసి, ముంతలో మజ్జిగ నా నోటికి పెట్టింది. వద్దని తల తిప్పాల్సింది. తిప్పలేకపోతి పెద్దమ్మా. ఒక గుక్క మింగినా. ఒక్కటే గుక్క. ఇంకొకటి గూడ తాగాలనిపించింది." కొంగుతో రవిక మీద తడి ఒత్తుకుంది. "నువ్వు ముందే చెప్పింటివి, స్వామికి కోపమొస్తాదని. నేను ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టుకుంటి. ఆయన చూడడా? చూసినాడు. అందుకే తీసకపాయ."

మూడో సోమవారం. గిడ్డమ్మ మనసు తనంతట తానే లెక్కపెట్టింది. అధిక శ్రావణంలోదే. ఎవరూ ఉండనక్కరలేని ఒక్కపొద్దు. తాను బావి దగ్గర నిలబడి పుట్టించినది. ఆ పిల్ల మజ్జిగ తాగినందుకు కాదు, అంతదాకా తాగనందుకు ఏడవాలి. ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పేయాలి. గిడ్డమ్మ నోరు తెరిచింది.

"అంత చిన్నదానికి దేవుడు అట్ల చెయ్యడమ్మీ" అంది. అనేసి లేచి వచ్చేసింది.

ఇంటికి పోలేదు. కాళ్ళు బడి వైపు పోయాయి. పిల్లలు వెళ్ళిపోయాక జీవమ్మ పలకలు సర్దుతోంది. గిడ్డమ్మ గడప మీద కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తాను నోరు జారడం, పేజీ చూడటం, దేవేంద్రప్ప నవ్వడం, తాను అన్న మాట, రెండో సోమవారం ఉరుకుందమ్మ అడగడం, మజ్జిగ, అన్నీ. చెప్తూ చెప్తూ ఏడ్చింది. జీవమ్మ పలకలు సర్దడం ఆపి విన్నది. ఓదార్చుతుందని గిడ్డమ్మ ఎదురుచూసింది.

"నాకెందుకు చెప్తాండావు గిడ్డక్కా?" అంది జీవమ్మ. "పస్తుండింది నేను కాదు గదా."

మిగిలిన పలకలు గూట్లో పెట్టి వచ్చింది. మళ్ళీ అంది. "నీకు అక్షరాలు నేర్పింది నేను. నాకూ బాధగానే ఉండాది. నువ్వు ఆమెకు చెప్పకుంటే రేపు నేనే పోయి చెప్పాల్సొస్తాది. అట్ల చెయ్యనీయాకు."

మరునాడు పొద్దున్నే గిడ్డమ్మ పోయింది. ఉరుకుందమ్మ వాకిట్లో చేట పట్టుకొని కొర్రలు చెరుగుతోంది. కూర్చోకుండానే, నిలబడే గిడ్డమ్మ చెప్పింది.

"అమ్మీ, నువ్వు మజ్జిగ తాగిన పొద్దు ఒక్కపొద్దే కాదు. అధికంలో సోమవారాలు చేయాల్నని పుస్తకంలో యాడా లేదు. నేనే చెప్పినా. స్వామికి కోపమొస్తాదన్నది గూడ నేనే పుట్టించినా."

చేట ఆగింది. "ఎన్ని సోమవారాలు?"

"నాలుగు."

"ఆ నాలుగూ లేవా?"

"లేవమ్మీ."

"మరి ఎందుకు చెప్తివి?"

గిడ్డమ్మ దగ్గర ఆ ప్రశ్నకు ఎన్నో జవాబులున్నాయి. కరణం వాకిలి ఉంది, తలుపు వేసుకున్న ఆడవాళ్ళున్నారు, పదేళ్ళ మర్యాద ఉంది. చనిపోయిన బిడ్డ తల్లి ముందు వాటిలో ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"దేవేంద్రప్ప నగుతాడని" అంది.

ఉరుకుందమ్మ ఆమె మొహం వైపు చాలాసేపు చూసింది. చేట కింద పెట్టింది. "నువ్వు రెండో సోమవారమన్నా చెప్పింటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. "పో" అంది. గిడ్డమ్మ కదలకపోయేసరికి మళ్ళీ అంది. "పో పెద్దమ్మా. నాకు నీ మొకం చూడాలని లేదు."

నాలుగు రోజుల తర్వాత చిన్న ఈరన్న గిడ్డమ్మ ఇంటికి వచ్చాడు. కొట్టడానికే వచ్చాడనుకుంది. కొట్టినా బాగుండేదనుకుంది. అతను వాకిట్లోనే నిలబడి, తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నా పెండ్లాం అన్నం తింటాండాది" అన్నాడు. "నువ్వొచ్చి పోయిన మరునాటి నుంచి. అంతకు ముందు నోట్లో పెడితే ఉమ్మేస్తాండె. నేనే చంపినా, నేనే చంపినా అని కలవరిస్తాండె. ఇప్పుడు లేదు." తువ్వాలు భుజాన వేసుకొని అన్నాడు: "నిన్ను మాత్రం మా వాకిలి తొక్కొద్దంటాండాది. నేను గూడ అదే చెప్దామని వచ్చినా." అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వారమే గిడ్డమ్మ బావి దగ్గర అందరి ముందూ తన తప్పు చెప్పేసింది. ఛీ అంటారనుకుంది, ఉమ్మేస్తారనుకుంది. సుంకులమ్మ కడవ దించి, "ఐతేనేమక్కా, చేసింది యాడికి పోతాది? పుణ్యమే గదా. నాకు మోకాలి నొప్పి ఆ నెల్లోనే తగ్గె" అంది. మిగిలినవాళ్ళు కూడా పోనీలే అన్నారు. ఎవరో దీపావళి ఎప్పుడని అడిగారు. నాలుగు సోమవారాల ఆకలి వాళ్ళకు మొదటి నుంచీ లెక్కలోది కాదు. అట్లాంటివి ఎన్నో పడి ఉన్న ఒళ్ళు వాళ్ళవి. వాళ్ళు క్షమించిన కొద్దీ గిడ్డమ్మకు లోపల ఇంకా బరువైంది. నన్నేమీ అడగొద్దు, పుస్తకం కరణం ఇంటికి పంపుతానంటే వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి చదివి చెప్పింది. ప్రతిసారీ పేజీ తలకట్టు నుంచి మొదలుపెట్టి వేలు కదుపుతూ చదివింది. కంఠతా వచ్చిన రోజు కూడా పుస్తకం తెరవకుండా చెప్పలేదు.

ఉరుకుందమ్మ మాత్రం రాలేదు. బావి దగ్గర ఎదురైతే కడవ ఎత్తుకొని పక్కనుంచి పోయేది.

మరుసటేడు వికారి. ఆషాఢం ముగుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం జీవమ్మ గిడ్డమ్మ ఇంటికి వచ్చింది. ఆమె అట్లా రావడం అదే మొదటిసారి. గడప బయటే నిలబడింది. గిడ్డమ్మ లోపలికి రమ్మని చాప పరిచింది.

"పంచాంగం ఒకసారి ఇస్తావా గిడ్డక్కా? ఉరుకుందమ్మ బడి దగ్గర కూచ్చోనుండాది. శ్రావణం ఎప్పుడో నన్ను చదివి చెప్పమంటాది. నేను కిరస్తానందాన్ని, నాకేం తెలుసునమ్మీ అంటే, అందుకే నీ దగ్గరికి వచ్చినా అంటాది."

గిడ్డమ్మ పుస్తకం తెచ్చి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఏ పేజీలో ఉందో చెప్పబోయి ఊరుకుంది. చీకటి పడకముందే జీవమ్మ తిరిగి తెచ్చి ఇచ్చింది. "మూడుసార్లు చదివించుకుంది" అంది.

ఆ ఏడు శ్రావణం బుధవారం పుట్టింది. మొదటి సోమవారం గిడ్డమ్మ కలుపు కూలికి పోయింది. పెద్ద చేను, పాతికమంది ఉన్నారు. మధ్యాహ్నం అందరూ గట్టు మీద తుమ్మచెట్టు నీడకు చేరారు. ఒక్కపొద్దున్నవాళ్ళు కొంగు తల కింద పెట్టుకొని ఒరిగారు. సంతోషమ్మ, ఆమె వాడవాళ్ళు ఒక పక్కన సద్దులు విప్పుకున్నారు. ఉరుకుందమ్మ కూడా సద్ది తెచ్చుకుంది. అది చూసి సుంకులమ్మ, "ఏమ్మీ, ఈ పొద్దు ఒక్కపొద్దు లేవా?" అని అడిగింది.

"లేను" అంది ఉరుకుందమ్మ.

మూట పట్టుకొని లేచింది. నడిచి వచ్చి, అందరికీ ఎడంగా కూర్చొని ఉన్న గిడ్డమ్మ ముందు కూర్చుంది. ఏడాదిగా ఆమె అంత దగ్గరికి వచ్చింది లేదు. మూట విప్పింది. జొన్నరొట్టెలు, వాటి మీద పుండికూర, అదే గోంగూర. ఒక రొట్టె తీసి సగానికి విరిచి గిడ్డమ్మ చేతిలో పెట్టింది.

"తిను."

గిడ్డమ్మకు ముందు అర్థం కాలేదు. "అమ్మీ, ఈ పొద్దు శ్రావణ సోమవారం."

"తెలుసు. నిజమైన సోమవారమే. జీవమ్మతో మూడుసార్లు చదివించుకున్నా. తిను పెద్దమ్మా."

ఊహ తెలిసిన నాటి నుంచి, పెళ్ళైన ఏడూ, గోపన్న పోయిన ఏడు కూడా గిడ్డమ్మ శ్రావణ సోమవారం తప్పలేదు. ఈరన్న స్వామి అంటే ఆమెకు భక్తి ఎంతో భయమూ అంతే. చేతిలో రొట్టె వైపు చూసింది. గట్టు మీద ఒరిగిన ఆడవాళ్ళు ఒక్కరొక్కరే లేచి కూర్చున్నారు. సుంకులమ్మ ఏదో అనబోతే ఉరుకుందమ్మ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. ఆమె నోరు మూతపడింది.

కాదనొచ్చు. స్వామి మీద పెట్టి కాదంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ అట్లా స్వామి మీద పెట్టే గదా ఆ పిల్లను మాడ్చింది అని గిడ్డమ్మకు తట్టింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. పొద్దుటి నుంచి నీళ్ళు తాగని నోట్లో రొట్టె పిండిలా తిరిగింది, దిగలేదు. ఉరుకుందమ్మ ముంత జరిపింది. గిడ్డమ్మ తాగింది. మళ్ళీ తుంచింది. పుండికూర పులుపుకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పులుపుకే కాదు. ఉరుకుందమ్మ తాను తినకుండా, ఆమె ప్రతి ముద్దా మింగేదాకా చూస్తూ కూర్చుంది. చివరి ముక్క అయ్యాక ఖాళీ చేతి వైపు చూసి, మిగిలిన సగం తాను తిన్నది.

"ఇంక మూడుండాయి" అంది మూట కట్టుకుంటూ.

ఆ మూడు సోమవారాలూ తెచ్చింది. రెండోసారి గిడ్డమ్మ చెయ్యి తానే చాచింది. మూడోసారి వాన పడి, ఇద్దరూ గోనెసంచి ఒకటే కప్పుకొని తిన్నారు. గిడ్డమ్మ ఆ నెలంతా సాయంత్రాలు దీపం పెట్టింది గాని స్వామికి ఏమని చెప్పుకోవాలో తెలియక ఊరికే నిలబడింది. ఆయన కోపం వస్తుందో రాదో ఆమెకు తెలియలేదు. ఆయన కోపం సంగతి తనకు తెలుసని ఒకసారి చెప్పింది చాలు.

నాలుగో సోమవారం రొట్టె అయిపోయాక ఉరుకుందమ్మ చేతులు దులుపుకొని లేచింది. పొద్దు ఇంకా నడినెత్తి నుంచి వాలలేదు. చేలో సగం కలుపు మిగిలే ఉంది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే, "సాలు పట్టుకుందాం రా పెద్దమ్మా" అంది.

గిడ్డమ్మ కొడవలి తీసుకొని ఆమె పక్క సాలు పట్టింది.